తవుడిచ్చి కొన్న పిల్లలు, నీళ్ళలో తేలి వచ్చిన వీరులు



ఎప్పుడూ ఈ న్యూస్‌లెటర్‌లో ఇంగ్లీష్ పేజీలకు రాసే నేను ఈ నెల తెలుగు పేజీల్లోకి వచ్చాను. చెప్పాల్సిన విషయం తవుడుతో మొదలవుతుంది మరి. తవుడుకి ఇంగ్లీష్‌లో మాట ఉంది కానీ, “నిన్ను తవుడిచ్చి కొన్నాం” అన్న మాటని ఇంగ్లీష్‌లో ఎలా చెప్పాలో నాకు తెలియదు.

నా చిన్నప్పుడు అల్లరి చేసినప్పుడల్లా మా నానమ్మ ఆ మాటే అనేది. “మీ తమ్ముణ్ణి మీ అమ్మ కన్నది. నిన్ను మాత్రం వీధిలోకి వచ్చినావిడ దగ్గర కుంచెడు తవుడిచ్చి కొన్నాం.” అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ రాత్రి పడుకున్నాక అద్దంలో చూసిన నా ముక్కునీ అమ్మ ముక్కునీ మనసులో పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని. మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో తవుడు, కొన్ని ఇళ్ళల్లో గుడి మెట్లు, కొన్ని ఇళ్ళల్లో చెత్తకుండీ.

ఈ టర్మ్‌లో మా ఆరో తరగతి పిల్లలతో ‘ప్రపంచ పురాణాల్లో వీరుల పుట్టుక’ అనే యాక్టివిటీ చేశాం. నాలుగు పీరియడ్లు పట్టింది. సిలబస్‌లో ఉందా, పరీక్షకు వస్తుందా అని ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ ఫోన్ చేసి అడిగారు. రాదండీ. కానీ ఆ నాలుగు పీరియడ్లలో పిల్లలు అడిగిన ప్రశ్నలు మీ ఇంటికి తప్పకుండా వస్తాయి. కొన్ని ఇప్పటికే వచ్చి ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. అది కాసేపట్లో చెబుతాను.

మొదటి రోజు బోర్డు మీద మూడు గడులు గీశాను. బిడ్డ ఎందులో వచ్చాడు, ఏ నీళ్ళ మీద వచ్చాడు, ఎవరు ఎత్తుకున్నారు.

అక్కాద్ రాజు సార్గాన్‌తో మొదలుపెట్టాం. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో క్రీ.పూ. 2300 ప్రాంతంలో పెద్ద సామ్రాజ్యం కట్టినవాడు. ఆయన పుట్టుక కథ మట్టి పలకల మీద దొరికింది. తల్లి గుడి పూజారిణి. రహస్యంగా కని, బిడ్డను రెల్లు గంపలో పెట్టి, మూతకు తారు పూసి, యూఫ్రటీస్ నదిలో వదిలింది. అక్కి అనే నీళ్ళు తోడే మనిషి చేదతో పాటు ఆ గంపనూ పైకి తీశాడు. కొడుకుగా పెంచి, తోటపని నేర్పాడు. ఇందులో ఒక చిక్కు ఉంది. మనకు దొరికిన పలకలు సార్గాన్ బతికిన కాలానివి కావు. ఆయన తర్వాత పదిహేను వందల ఏళ్ళు దాటాక అస్సీరియాలో రాసినవి. అక్కడ క్రీ.పూ. 722 నుంచి 705 వరకు ఏలిన ఇంకో రాజు కూడా సార్గాన్ పేరే పెట్టుకున్నాడు. పాత వీరుడి కథ కొత్త రాజుకు పనికొచ్చి ఉంటుందని చాలామంది పండితుల ఊహ. అంటే పుట్టుక కథలు బిడ్డ పుట్టినప్పుడు కాదు, ఆ బిడ్డ గొప్పవాడయ్యాక పుడతాయన్నమాట. ఈ మాట పిల్లలకు బాగా నచ్చింది.

తర్వాత మోషే. ఈజిప్టులో హెబ్రీయులకు పుట్టిన మగబిడ్డలందరినీ నైలులో పడేయమని ఫరో ఆజ్ఞ. తల్లి మూడు నెలలు దాచింది. ఇక దాచలేక జమ్ము పెట్టెకు కీలు పూసి, బిడ్డను అందులో పెట్టి, ఏటి ఒడ్డున రెల్లులో ఉంచింది. అక్క దూరంగా నిలబడి చూస్తోంది. స్నానానికి వచ్చిన ఫరో కూతురు ఎత్తుకుంది. అక్క పరుగెత్తుకెళ్ళి, “పాలిచ్చే మనిషిని తీసుకురానా?” అని అడిగి, కన్నతల్లినే తీసుకొచ్చింది. సొంత బిడ్డకు పాలిచ్చినందుకు ఆ తల్లికి రాజుగారి ఇంటి నుంచి జీతం! ఇది బైబిల్‌లో ఉన్న తీరు. ఖురాన్‌లో బిడ్డను చేరదీసేది ఫరో భార్య. మా క్లాసులో రెండు ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలూ ఉన్నారు కాబట్టి రెండూ చెప్పాను. కొందరికి కథగా అనిపించేది ఇంకొందరికి విశ్వాసం. క్లాసులో ఆ గౌరవం తప్పకుండా ఉండాలని ముందే ఒప్పందం చేసుకున్నాం.

గ్రీకుల పెర్సియస్ వంతు వచ్చింది. మనవడి చేతిలో చస్తావని జోస్యం విన్న తాత అక్రిసియస్, కూతురు దనాయెను కంచు గదిలో బంధించాడు. జ్యూస్ దేవుడు బంగారు వాన రూపంలో వచ్చాడు. బిడ్డ పుట్టాక తల్లీబిడ్డలిద్దర్నీ పెట్టెలో పెట్టి సముద్రంలోకి నెట్టించాడు తాత. సెరిఫోస్ దీవి దగ్గర దిక్తిస్ అనే జాలరి కాపాడాడు. చివరికి ఆ తాత మనవడు విసిరిన చక్రం పొరపాటున తగిలి చనిపోయాడు. రోమ్‌ను కట్టారనే రోములస్, రెమస్ కవలలను టైబర్ నదిలో వదిలారు. ఆడ తోడేలు పాలిచ్చింది. ఫౌస్తులస్ అనే కాపరి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఇక మన కర్ణుడు. మైనం పూసిన పెట్టె, అశ్వ నది, చర్మణ్వతి, యమున, గంగ. గంగ మీద అంగదేశపు చంపా నగరం దాకా. ఎత్తుకున్నవాళ్ళు సూతుడు అధిరథుడు, ఆయన భార్య రాధ.

గడులు నిండాక నేను, “ఏం గమనించారు?” అని అడిగాను. నేను ఎదురుచూసిన జవాబు, ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అని. ఆ జవాబు ఒకబ్బాయి ఇచ్చాడు, తనదైన పద్ధతిలో: “మిస్, అందరూ ఒకరి పేపర్ చూసి ఒకరు కాపీ కొట్టారు.” పెద్ద పండితులకు వచ్చిన అనుమానమే అది. వియన్నాలో ఒట్టో రాంక్ అనే ఆయన 1909లో ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి ఒక పుస్తకమే రాశాడు. అందులో మన కర్ణుడూ ఉన్నాడు. 1936లో ఇంగ్లాండ్‌కు చెందిన లార్డ్ రాగ్లన్ వీరుడి జీవితానికి 22 గుర్తుల పట్టిక తయారుచేసి, ఏ వీరుడికి ఎన్ని మార్కులో లెక్క వేశాడు. మార్కులంటే మాకు కొట్టిన పిండి కదా, పిల్లలు వెంటనే సినిమా హీరోలకు కూడా వేసేశారు.

రాంక్ పుస్తకంలో ఆయన గురువు ఫ్రాయిడ్ రాసిన చిన్న వ్యాసం ఒకటి చేర్చి ఉంది. దాని సారం ఏమిటంటే, చాలామంది పిల్లలు ఏదో ఒక వయసులో ‘వీళ్ళు నా అసలు అమ్మానాన్నలు కారేమో, నా వాళ్ళు ఎక్కడో రాజభవనంలో ఉన్నారేమో’ అని ఊహించుకుంటారు. అమ్మ తిట్టిన రోజున మరీను. ఫ్రాయిడ్ మాటలన్నిటితో నేను ఏకీభవించను. కానీ ముక్కులు పోల్చుకున్న రాత్రులు గుర్తొచ్చి, ఈ ఒక్కటి మాత్రం కాదనలేకపోయాను.

క్లాసులో రెండో జవాబు నేను అనుకోనిది. వెనక బెంచీ అమ్మాయి మూడో గడి చూపించి, “మిస్, ఎత్తుకున్నవాళ్ళు అప్పుడు పనిలో ఉన్నారు,” అంది. చూస్తే నిజమే. ఒకాయన నీళ్ళు తోడుతున్నాడు, ఒకాయన వల పడుతున్నాడు, ఒకాయన మందతో ఉన్నాడు. ఫరో కూతురు తప్ప అందరూ రెక్కాడితే గాని డొక్కాడని మనుషులే. కథంతా దేవుళ్ళు, జోస్యాలు, బంగారు వానలు. బిడ్డ బతకడానికి మాత్రం చేతిలో పని పక్కన పెట్టి వంగి ఎత్తుకున్న ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఎంత వెతికినా రాంక్ పట్టికలో గానీ రాగ్లన్ పట్టికలో గానీ ఈ మనిషికి ఎక్కువ మార్కులు లేవు. నాకైతే అప్పటి నుంచి ఆ మూడో గడే కనిపిస్తోంది.

పర్షియా చక్రవర్తి సైరస్ కథ ఇందుకే చెప్పాలి. క్రీ.పూ. 539లో బాబిలోన్‌ను గెలిచిన సైరస్. గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన కథ ఇది. మీడియా రాజు అస్త్యాగెస్‌కు కల వచ్చింది, కూతురి నుంచి ద్రాక్ష తీగ మొలిచి ఆసియా అంతా కమ్మేసినట్టు. పుట్టిన మనవణ్ణి చంపమని హార్పగస్ అనే అధికారికి అప్పగించాడు. ఆయనకు చేతులు రాలేదు. పశువుల కాపరికి ఇచ్చి కొండల్లో వదిలేయమన్నాడు. కాపరి బిడ్డను ఇంటికి తెచ్చేసరికి, అదే రోజు అతని భార్యకు కాన్పు అయింది. బిడ్డ చనిపోయి పుట్టాడు. ఆవిడ భర్త కాళ్ళు పట్టుకుని, “మన బిడ్డను కొండ మీద పెట్టు, ఈ బిడ్డను నాకివ్వు,” అని బతిమాలింది. అలా చనిపోయిన కాపరి బిడ్డకు రాజు మనవడి బట్టలతో రాచ మర్యాదలతో అంత్యక్రియలు జరిగాయి. బతికిన బిడ్డ గుడిసెలో పెరిగాడు.

ఆవిడ పేరు స్పాకో. మీడియా భాషలో ఆ మాటకు ఆడకుక్క అని అర్థమట. తర్వాత సైరస్ కన్నవాళ్ళు ఆ పేరును అడ్డం పెట్టుకుని, మా అబ్బాయిని కుక్క పాలిచ్చి పెంచిందని ప్రచారం చేశారని హెరోడోటస్ అంటాడు. దైవ మహిమ ఉన్నట్టు కనబడాలని. కాపరి భార్య పెంచిందంటే గొప్ప లేదు, కుక్క పెంచిందంటే గొప్ప! రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఈ మాట చదివినప్పుడు నాకు ఆవిడ మీద జాలి వేసింది. ఆవిడ కడుపుకోతకు కూడా ఆ ప్రచారంలో చోటు దక్కలేదు.

ఇక నా పొరపాటు.

మూడో రోజు నేను ఉత్సాహంగా హోంవర్క్ ఇచ్చాను. ‘నేను పుట్టిన రోజు’ అనే ప్రాజెక్ట్. ఏ ఆసుపత్రి, ఎంత బరువు, వాన పడిందా, ఎండ కాసిందా, ముందు ఎవరు ఎత్తుకున్నారు, పుట్టిన రోజు ఫొటో ఒకటి. అమ్మను అడిగి రాయమన్నాను. బీఈడీలో నేర్చుకున్న పద్ధతే, పాఠాన్ని పిల్లల జీవితానికి కలపాలని. మర్నాడు ఒక పాప ఖాళీ చార్ట్‌తో వచ్చింది. అందరూ వెళ్ళాక టేబుల్ దగ్గర నిలబడి, “మిస్, పుట్టిన రోజు బదులు వచ్చిన రోజు రాయొచ్చా? పుట్టినప్పటి ఫొటో మా ఇంట్లో లేదు,” అంది. రెండేళ్ళ వయసులో దత్తత వచ్చిన పాప. ఆ సంగతి పాపకు తెలుసు, నాకే తెలియదు. (ఈ విషయం ఆ తల్లిదండ్రుల అనుమతితోనే రాస్తున్నాను. ఏ బ్రాంచో, ఏ సెక్షనో చెప్పను. దయచేసి ఎవరూ ఊహించే ప్రయత్నం చేయకండి.)

మూడు రోజులుగా గంపల్లో, పెట్టెల్లో వచ్చిన బిడ్డల గురించే చెబుతూ, నా ఎదురుగా బెంచీలో కూర్చున్న బిడ్డ ఆ కథ ఎలా వింటోందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ‘తల్లి వదిలేసింది’ అన్న మాటను ఎన్నిసార్లు అన్నానో లెక్కేసుకుంటే సిగ్గేసింది. ఆ పాపే కాదు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న వాళ్ళున్నారు, అమ్మను పోగొట్టుకున్న వాళ్ళున్నారు, గల్ఫ్‌లోనో అమెరికాలోనో నాన్న ఉండి వీడియో కాల్‌లో మాత్రమే చూసే వాళ్ళున్నారు. ప్రాజెక్ట్ పేరు ‘నేను ఇంటికి వచ్చిన రోజు’ అని మార్చాను. అమ్మ అనే చోట ‘ఇంట్లో పెద్దవాళ్ళు’ అని దిద్దాను.

మర్నాడు కర్ణుడి కథ మళ్ళీ చెప్పాను. ఈసారి వేరే చోట నుంచి. పెళ్ళికాని చిన్నపిల్ల కుంతి, దుర్వాసుడిచ్చిన మంత్రం నిజమో కాదో చూద్దామని చదివింది. సూర్యుడు వచ్చాడు. బిడ్డ పుట్టాడు. చెప్పుకోవడానికి ఇంట్లో దాది తప్ప ఎవరూ లేరు. అరణ్యపర్వంలో ఆమె పెట్టెను నీళ్ళలో వదులుతూ ఏడుస్తుంది. నీళ్ళలో, నేల మీద, ఆకాశంలో ఎక్కడా నీకు ఆపద రాకూడదని వేడుకుంటుంది. నిన్ను కొడుకుగా చేసుకునే ఆ తల్లి ధన్యురాలు అనుకుంటుంది. వదిలేసింది అనే రెండు ముక్కల్లో ఇదంతా పట్టదు. సార్గాన్ తల్లి దాచుకోవాల్సి వచ్చింది, దనాయె తనే బందీ, మోషే తల్లి మీద రాజాజ్ఞ. ఈ కథల్లో బిడ్డను ఇష్టం లేక వదిలిన తల్లి నాకు ఒక్కరూ కనబడలేదు. భయపడినవాళ్ళే కనబడ్డారు.

ఆ తర్వాత ఉద్యోగపర్వం. యుద్ధానికి ముందు కృష్ణుడు కర్ణుడికి పుట్టుక రహస్యం చెప్పి, పాండవుల పక్కకు రమ్మంటాడు. పెద్దవాడివి, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడి జవాబు మనం సినిమాల్లో విన్న దుర్యోధనుడి స్నేహం ఒక్కటే కాదు. నన్ను చూడగానే ప్రేమతో రాధకు పాలు వచ్చాయి అంటాడు. నా మలమూత్రాలు ఆవిడ ఎత్తిపోసింది, ఆవిడకు పిండం పెట్టకుండా ఎలా ఉండగలను అంటాడు. అధిరథుడు నాకు జాతకర్మ చేయించాడు, వసుషేణుడని పేరు పెట్టించాడు, నన్ను కొడుకనే అనుకుంటాడు, నేనూ ఆయన్నే తండ్రి అనుకుంటాను అంటాడు. భూమి అంతా ఇచ్చినా, బంగారు రాశులు పోసినా ఆ బంధం అబద్ధం చేయలేను అంటాడు. ఒకవైపు సూర్యుడు తండ్రి, కవచకుండలాలతో పుట్టుక. ఇంకోవైపు బిడ్డ మలమూత్రాలు ఎత్తిన చేతులు. కర్ణుడు తూచి చూసుకున్నది వీటిని. అతనికి రాధేయుడు అన్న పేరు చివరిదాకా అలాగే నిలిచింది.

క్లాసు చాలాసేపు మాట్లాడలేదు. ఆరో తరగతి మాట్లాడకుండా ఉండడం అంటే మీకు తెలుసు.

ఇంటికి వచ్చే ప్రశ్నల సంగతికి వస్తాను. మొదటిది, “బంగారు వానతో బిడ్డ ఎలా పుడుతుంది?” కంగారు పడకండి. ఈ ప్రశ్నకు పెద్దలు కంగారు పడటం కొత్త కాదు. జపాన్ వాళ్ళ మొమొతారో కథ చాలామంది పిల్లలకు తెలుసు. పిల్లలు లేని ముసలి దంపతులకు ఏటిలో పెద్ద పీచ్ పండు కొట్టుకొచ్చింది, కోస్తే లోపల బాబు. వాడు పెద్దయి కుక్కనూ కోతినీ నెమలిజాతి పక్షినీ వెంటబెట్టుకుని రాక్షసుల మీదికి వెళ్ళాడు. అయితే ఎదో కాలపు (1603–1868) పుస్తకాల్లో చాలావాటిలో కథ ఇలా ఉండదు. ఆ పండు తిన్న ముసలివాళ్ళిద్దరూ పడుచువాళ్ళైపోతారు, తర్వాత వాళ్ళకు మామూలుగానే బిడ్డ పుడతాడు. తర్వాత మెయిజీ కాలంలో (1868–1912) కథ బడి పుస్తకాల్లోకి ఎక్కినప్పుడు, నేరుగా పండులోంచే పుట్టే రూపం స్థిరపడింది. టీచర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది లెండి! మన కథల్లో ముని ఇచ్చిన మామిడిపండు కూడా ఇలాంటి పనే చేస్తుంది. పిల్లవాడు అడిగినదానికి వాడి వయసుకు తగ్గట్టు, అడిగినంతవరకే చెబితే చాలు. “అవన్నీ నీకెందుకు?” అంటే మాత్రం వాడు ఫోన్‌ను అడుగుతాడు.

రెండోది, “ఇది నిజంగా జరిగిందా?” గాంధారి వంద మంది కొడుకుల దగ్గర ఈ ప్రశ్న తప్పదు. రెండేళ్ళ గర్భం, ఇంకా కాన్పు కాలేదు. కుంతికి కొడుకు పుట్టాడని వినగానే తట్టుకోలేక గాంధారి తన కడుపు మీద కొట్టుకుంది. (పక్కింటి పిల్లల మార్కులు విన్నప్పుడు మనకు కలిగే బాధే, కొంచెం పెద్ద సైజులో.) మాంసపు ముద్ద పడింది. వ్యాసుడు దాన్ని ముక్కలు చేయించి నేతి కుండల్లో పెట్టించాడు. వంద మంది కొడుకులు, ఒక కూతురు దుస్సల. ఇది టెస్ట్‌ట్యూబ్ బేబీ టెక్నాలజీయే అని 2019లో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద కూడా ఒక మాట వినిపించి, పెద్ద గొడవ అయింది. నా అభిప్రాయం అడిగితే, అది కథకూ న్యాయం కాదు, సైన్స్‌కూ కాదు. కథ చెప్పేది ఒక ఆడమనిషి ఎదురుచూపూ అసూయా భయం గురించి. సైన్స్ సంగతి చెప్పాలంటే మనకు అసలైన కథే ఉంది. ప్రపంచంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ పాప ఇంగ్లాండ్‌లో 1978 జులై 25న పుట్టింది. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో మన దేశపు పాప పుట్టింది. ఆయన బతికుండగా ఆయన మాట నమ్మలేదు, గుర్తింపు చనిపోయాక వచ్చింది. మన స్కూల్‌లో ఐ.వి.ఎఫ్. ద్వారా పుట్టిన పిల్లలు తప్పకుండా ఉంటారు. కుండల కథ చెప్పినప్పుడు ఎవరూ ఎవర్నీ కౌరవులు అని వెక్కిరించకుండా చూసుకోవడం మా పని, మీ పని కూడా.

మగధ రాజు జరాసంధుడి కథ పిల్లలకు భయం వేస్తుందేమో అనుకున్నాను కానీ, అందరికంటే ఎక్కువ నచ్చింది అదే. ఒకే పండును రాణులిద్దరూ చెరి సగం తిన్నారు, చెరి సగం బిడ్డను కన్నారు. దాదులు ఆ సగాలను బయట పారేశారు. జర అనే రాక్షసి తీసుకెళ్ళడానికి వీలుగా రెండూ కలిపి పట్టుకునేసరికి బిడ్డ అయి గట్టిగా ఏడ్చాడు. తినేయాల్సిన రాక్షసి తీసుకెళ్ళి రాజుకిచ్చింది. బిడ్డకు ఆమె పేరే పెట్టారు. మూడో గడిలో రాక్షసి పేరు కూడా రాశాం.

కొరియా వీరుడు జుమోంగ్ గుడ్డులోంచి పుట్టాడు. గుడ్డును రాజు కుక్కలకూ పందులకూ వేయిస్తే అవి ముట్టలేదు, దారిలో వేయిస్తే పశువులు తప్పుకుని నడిచాయి, పొలంలో వేయిస్తే పక్షులు రెక్కలు కప్పాయి. చివరికి తల్లికే తిరిగిచ్చాడు. కొరియన్ సీరియల్స్ చూసే అమ్మలకు ఈయన పేరు తెలిసే ఉంటుంది.

పుట్టుక మామూలుగా ఉండి, ఎదుగుదల ఆలస్యమైన వీరుడు కూడా ఒకడున్నాడు. ఈ కథ ప్రత్యేకంగా ఎల్.కె.జి., యు.కె.జి. పేరెంట్స్ కోసం. పశ్చిమ ఆఫ్రికాలో 13వ శతాబ్దంలో మాలి సామ్రాజ్యాన్ని నిలబెట్టిన సుందియాటా. తల్లి సోగొలోన్‌కు గూని. కొడుకు ఏడేళ్ళు వచ్చినా నడవలేదు, పాకుతూనే ఉన్నాడు. ఒకరోజు కూరకు బావోబాబ్ ఆకు కావాలని సోగొలోన్ సవతిని అడిగితే, నా కొడుకు కోసుకొచ్చాడు, నీ కొడుకు నడవలేడుగా అని దెప్పింది. తల్లి ఏడుస్తూ వచ్చింది. ఆ పిల్లాడు ఇనప కడ్డీ తెప్పించుకుని, దాన్ని పట్టుకుని లేచాడు. కడ్డీ వంగిపోయింది. వెళ్ళి చెట్టునే పెకలించుకొచ్చి అమ్మ గుమ్మం ముందు పడేశాడు. ఆ చెట్టు ఎంత లావుంటుందో చూడాలంటే గోల్కొండలో నయా ఖిలా లోపల ఒకటి ఉంది, హతియాన్ కా ఝాడ్ అంటారు. సెలవుల్లో పిల్లలకు చూపించండి. “మా వాడు ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు మేడమ్,” అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్న తల్లికి నేను ఈ కథ చెప్పాను. డాక్టర్‌కు చూపించమని కూడా చెప్పాను. రెండూ అవసరమే అని నా నమ్మకం.

మూడో ప్రశ్న కష్టమైనది. “నన్ను కూడా ఎక్కడి నుంచైనా తెచ్చారా?” తవుడు మాట సరదాకు అంటాం, నేనూ మా మేనకోడల్ని అన్నాను. ఇకనుంచి అనేటప్పుడు పిల్ల మొహం చూస్తాను. నవ్వులో కలిసిందా, నవ్వుతూ మన మొహం చదువుతోందా అన్నది రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. చదువుతున్నట్టు అనిపిస్తే, ఆ రాత్రే వాళ్ళు పుట్టిన రోజు సంగతి వివరంగా చెప్పండి. ఆటో దొరకలేదనీ, నర్సు కోప్పడిందనీ, తాతయ్య చెప్పులు మార్చి వేసుకొచ్చాడనీ. పిల్లలకు అదే పురాణం. వంద సార్లు అడుగుతారు, ఒక్క ముక్క మార్చినా ఒప్పుకోరు.

దత్తత ద్వారా పిల్లలను తెచ్చుకున్న కుటుంబాలు మన పేరెంట్స్‌లో ఉన్నాయి. ఇప్పుడు గంపలూ పెట్టెలూ లేవు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద కేంద్ర దత్తత వనరుల సంస్థలో రిజిస్టర్ చేసుకుని, ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకుంటున్నారు. ఆ ఎదురుచూపు కూడా పిల్లలకు చెప్పదగ్గ కథే. కర్ణుడికి సంగతి తెలిసింది యుద్ధానికి ముందు, అదీ బయటివాళ్ళు బేరంగా వాడుకున్నప్పుడు. ఇంట్లోవాళ్ళే, చిన్నప్పుడే, మామూలు మాటగా చెప్పిన పిల్లలు ఎలా ఉంటారో నాకు ఆ పాపను చూశాక తెలిసింది. ఇంట్లో ఎప్పుడు, ఎలా చెప్పాలనేది మీ నిర్ణయం. స్కూల్‌కు సంబంధించి మీరు క్లాస్ టీచర్‌తో ఒక్క మాట చెప్పి ఉంచితే, నాలాంటి వాళ్ళు ఖాళీ చార్ట్ చూసేదాకా పొరపాటు చేయకుండా ఉంటారు. ఆ మాట మా దగ్గరే ఉంటుంది.

చార్ట్‌లన్నీ ఇప్పుడు కారిడార్‌లో ఉన్నాయి. ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు తీసుకునే ముందు ఒకసారి చూడండి. ఒక నాన్నగారు షార్జా నుంచి రాసి పంపిన పేజీ ఉంది. ఫోన్‌లో మొదటిసారి చూసినప్పుడు సిగ్నల్ పోయి బిడ్డ మొహం చతురస్రాలుగా కనబడిందట. ఒక అమ్మమ్మగారు వణికే అక్షరాలతో స్వయంగా రాశారు.

ఆ పాప చార్ట్ మధ్యలో ఫొటోకు బదులు బస్సు టికెట్ అంటించింది. వాళ్ళమ్మ ఇన్నేళ్ళూ బీరువాలో దాచిందట. అంకెలు చాలావరకు వెలిసిపోయాయి. పెద్దలు ఇద్దరు అన్నది మాత్రం కనబడుతోంది. “నీ టికెట్ ఏది?” అని అడిగాను.

“ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ ఉండదు కదా మిస్,” అంది. “నాకు తవుడు కూడా ఇవ్వలేదు. ఫ్రీగా వచ్చాను.”